స్నానం తప్పిన ట్రే

మార్చి 4, సోమవారం

మళ్ళీ బొబ్బలు. ఈసారి సగానికి పైగా.

పొద్దున మా సెక్షన్ హెల్పరు, అందరూ బాబాయి అని పిలిచే పెద్దాయన, పెద్ద ఫర్నేసు తలుపు తీసి, ఎర్రగా సెగలు కక్కే ట్రేలు లాగి, బ్రాకెట్లకు స్నానం చేయించాడు. నీళ్ళ తొట్టిలో ముంచడాన్ని మా సెక్షన్‌లో స్నానం అంటాం. ఆ తర్వాత చిన్న ఓవెన్‌లో సన్నటి వేడి మీద గంటల తరబడి ఉంచడాన్ని పడుకోబెట్టడం అంటాం. ఈ పేర్లు ఎవరు పెట్టారో గానీ నేను చేరేనాటికే ఉన్నాయి. తొట్టిలోంచి బయటికొచ్చిన బ్రాకెట్లను చూస్తే, నూనె చిందిన చేతిలాగా ఒళ్ళంతా బొబ్బలు. బాబాయి ఒకదాన్ని పట్టకారుతో పైకెత్తి అటూ ఇటూ తిప్పాడు.

"దీనికి ఆటలమ్మ పోసిందమ్మా," అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. నవ్వడానికి కూడా కాస్త ఓపిక కావాలి.

పోత బ్రాకెట్లు వచ్చినన్నాళ్ళూ నా ఫర్నేసుకు మచ్చ లేదు. అచ్చు బ్రాకెట్లు మొదలయ్యాకే ఈ దరిద్రం. అల్యూమినియం పొడి పరుస్తారట, లేజరుతో కరిగిస్తారట, దాని మీద ఇంకో పొర పరుస్తారట. అలా పొర మీద పొర వేసి బ్రాకెట్ లేపుతారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. నా దగ్గరికి వచ్చాకే దాని జాతకం బయటపడుతుంది.

మీటింగ్‌లో మేనేజరుగారు బొబ్బల బ్రాకెట్‌ను టేబుల్ మీద పెట్టి, "ఇది అంబులెన్సులో స్ట్రెచర్‌ని పట్టుకునే వస్తువు. దీన్ని చూస్తే దీనికే స్ట్రెచర్ కావాలనిపిస్తోంది. తప్పెక్కడ జరుగుతోంది?" అన్నారు.

"పొడిలో తేమ ఉండుంటుంది సార్," అన్నాను. "తేమ వల్ల లోపల సన్న బుడగలు మిగిలిపోతాయి. వేడెక్కితే అవే ఉబ్బుతాయి."

గోడ గడియారాన్ని చూస్తూ అన్నాను. ఎందుకంటే ప్రింటింగ్ సెక్షన్ ఇన్‌చార్జి మా వదిన. ఫ్యాక్టరీలో ఇద్దరం ఒకరినొకరం "మేడమ్, మీరు" అనుకుంటాం. గేటు దాటి నా స్కూటర్ వెనక ఎక్కగానే "నువ్వు" మొదలవుతుంది.

"చూస్తాను సార్," అంది వదిన. అంతే.

ఇంటికి వచ్చేటప్పుడు దారి పొడుగునా వెనక కూర్చుని, కొత్త చెప్పులు కరుస్తున్నాయని చెప్పింది. బొబ్బల ఊసే ఎత్తలేదు. గుమ్మం దాటాక ఫ్యాక్టరీ మాట ఎత్తకూడదని అన్నయ్య ఎప్పుడో ఆర్డరు వేశాడు. స్కూలు బస్సు నడుపుతాడు పాపం, రోజంతా పిల్లల గోల వింటాడు, ఇంట్లోనైనా చెవులకు సెలవు కావాలంటాడు. కానీ స్కూటర్ మీద మాట్లాడకూడదని ఆ ఆర్డర్లో లేదు కదా.

మార్చి 5, మంగళవారం

పొడిదే తప్పు. అందులో అనుమానం లేదు.

మార్చి 8, శుక్రవారం

బాబాయి ఒక ట్రే మరిచిపోయాడు.

మరిచిపోయాడంటే, ఫర్నేసులోకి తోసేటప్పుడు ఒక ట్రే తలుపు వెనకాల గోడకు ఆనించి వదిలేశాడు. మిగిలినవన్నీ కాగాయి, స్నానం చేశాయి. అన్నింటినీ ఓవెన్‌లో పడుకోబెట్టేటప్పుడు ఇది కనిపిస్తే, ఇదీ వాటిలోదే అనుకుని కలిపి పడుకోబెట్టేశాడు. సాయంత్రం తీసి చూస్తే ఆ ట్రేలోని బ్రాకెట్ల మీద నీటి మరకల్లేవు. మిగతా వాటికి తెల్లటి చారలు ఉంటాయి, వీటికి లేవు.

"వీటికి స్నానం తప్పినట్టుంది బాబాయ్," అన్నాను.

ఆయన తల గోక్కున్నాడు. "అయ్యో. వయసు మీద పడుతోందమ్మా. రిజిస్టర్లో రాయకండి."

రాయనన్నాను. ఆ ట్రేలో బొబ్బ ఒక్కటి కూడా లేదు. వేడెక్కకపోతే బొబ్బలు ఎందుకొస్తాయి, ఇందులో వింతేముంది అనుకున్నాను. కానీ వాటిని చెత్తలో పడేయకుండా, అదే ట్రేలో వాటితోపాటు ఉన్న లాగుడు కడ్డీలను విడిగా తీసి పెట్టాను. ప్రతి విడతలోనూ వదిన ఈ కడ్డీలు కూడా అచ్చు వేస్తుంది, తెగేదాకా లాగి బలం చూడ్డానికి. బలం లేదని తేలితే మేనేజరుగారికి చూపించి, ఫర్నేసు లేకపోతే ఏమవుతుందో చూడండి అని చెప్పొచ్చు కదా. అందుకే తీసి పెట్టాను.

మార్చి 11, సోమవారం

కళ్ళద్దాలాయన దగ్గరికి కడ్డీలు తీసుకెళ్ళాను. టెస్టింగ్ గది ఆయనది. ఆయన ఏ మాట చెప్పినా "నేనెవరికీ చెప్పను మేడమ్" అని మొదలుపెడతాడు. అలా ఎవరికీ చెప్పకుండానే ఫ్యాక్టరీలో అందరి సంగతులూ అందరికీ తెలుస్తుంటాయి.

ముందు మామూలు కడ్డీ బిగించాడు. మీటరు మీద బలం రెండు వందల తొంభై దాటిందో లేదో, పుటుక్కున తెగింది. అది మాకు అలవాటైన అంకే. తర్వాత స్నానం తప్పిన కడ్డీ. మూడు వందలు దాటింది. మూడు యాభై. నాలుగు వందలు దాటాక కూడా పళ్ళు బిగించుకునే ఉంది. తెగినప్పుడు వచ్చిన చప్పుడుకు ఇద్దరం వెనక్కి గెంతాం.

"దీనికి ఏం తినిపించారు మేడమ్?" అన్నాడు.

ఏమీ తినిపించలేదు. అదే కదా సంగతి.

"శాంపిల్స్ కలిసిపోయినట్టున్నాయి, రాయకండి," అన్నాను. అప్పటికప్పుడు నోటికొచ్చింది.

"నేనెవరికీ చెప్పను మేడమ్," అన్నాడు.

శాంపిల్స్ కలిసిపోయి ఉండొచ్చు. నిజంగానే ఉండొచ్చు.

మార్చి 13, బుధవారం

కలిసిపోలేదు.

మధ్యాహ్నం భోజనం దగ్గర చెయ్యి కడుక్కుంటూ ఉండగా అర్థమైంది. పోత పోస్తే లోహం తాపీగా చల్లారుతుంది. అందుకే దాన్ని మళ్ళీ ఐదొందల డిగ్రీల పైకి కాచి, ఒక్కసారిగా నీళ్ళలో ముంచితేనే బలం పుంజుకుంటుంది. నా ఉద్యోగం అదే. కానీ లేజరు కింద లోహం కరిగేది సూదిమొనంత. అది కరిగినంత సేపట్లోనే గట్టిపడిపోతుంది. అంటే పుట్టినప్పుడే దానికి స్నానం అయిపోయింది. అల్యూమినియంలో కలిసున్న సిలికాన్ లోపల సన్నటి వలలాగా అల్లుకుని ఉంటుంది, దాని బలమంతా ఆ అల్లికలోనే. నేను తీసుకెళ్ళి ఫర్నేసులో పెడుతున్నాను, ఆ వల తెగి ముద్దలు ముద్దలుగా పోగుపడుతోంది. పొడిని ఎంత ఆరబెట్టినా అందులో పిసరంత తేమ ఉండనే ఉంటుంది. చిన్న ఓవెన్ వేడికి అది నోరెత్తదు. నా ఫర్నేసు వేడికే ఉబ్బుతుంది.

ఎందుకు పెడుతున్నాం మరి? డ్రాయింగ్‌లో ఉంది కాబట్టి. ఆ డ్రాయింగ్ పోత బ్రాకెట్‌ది. అచ్చుకు మారినప్పుడు పైన పేరు మార్చారు, కొలతలు మార్చారు. కింద మూలన "కాచి, నీళ్ళలో ముంచి, ఓవెన్‌లో ఉంచవలెను" అన్న వాక్యాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకోవాల్సింది నేను. నా సంతకం దాని పక్కనే ఉంటుంది.

ఒక్క ట్రేతో ఇంత పెద్ద మాట అనకూడదు. బలం ఉంటే చాలదు, సాగాలి కూడా. ఇది తక్కువ సాగి తెగింది. తక్కువంటే, ఉండాల్సిన దానికన్నా ఎక్కువే అనుకో. అయినా సరే.

ఇంకో పరీక్ష చేయాలి.

మార్చి 14, గురువారం

పోత పని మొత్తం పోయినేడే ఆగిపోయింది. ఇప్పుడు పెద్ద ఫర్నేసుకు ఉన్న తిండి ఈ అచ్చు బ్రాకెట్లే. ఫర్నేసు వద్దంటే తొట్టి వద్దు, తొట్టి వద్దంటే క్రేన్ వద్దు. చిన్న ఓవెన్‌ను ఎవరైనా మీట నొక్కి వాడుకుంటారు, దానికో సెక్షన్ అక్కర్లేదు, ఇన్‌చార్జి అసలే అక్కర్లేదు.

నా సంసారం చెదిరి ఒక పెట్టెతో అన్నయ్య ఇంటికి వచ్చినప్పుడు, పై గదిలో పరుపు మీద దుప్పటి పరుస్తూ వదిన, "ఇదుగో ఆడపడుచుగారూ, ఇది మీ గది. అద్దె ఏమీ లేదు. మా ఆయన గురక భరించాలి, అంతే," అంది. నేను నవ్వాను. కానీ ఆ రోజునుంచీ ఈ ఇంట్లో నేను తల ఎత్తుకుని తిరుగుతున్నది ఆ ఫర్నేసు వల్లే. అది లేకపోతే పై గదిలో ఉండే ఆడపడుచునే. ఈ వయసులో నన్నెవరు తీసుకుంటారు?

పరీక్ష వచ్చే వారం చేయొచ్చు. తొందరేమీ లేదు. చెడ్డవి ఎలాగూ ఇక్కడే ఆగిపోతున్నాయి, బయటికి పోవడం లేదు.

మార్చి 18, సోమవారం

ఒకటి బయటికి పోయిందట.

బొబ్బల్లేని బ్రాకెట్టే, తనిఖీలో నెగ్గిందే. అంబులెన్సులు తయారుచేసే వాళ్ళు స్ట్రెచర్ మీద ఇసుక మూటలు కట్టి, బండిని వేగంగా నడిపి ఒక్కసారి బ్రేకు వేస్తారు. బ్రాకెట్ విరిగింది. స్ట్రెచర్ ఎగిరి ముందు సీటు వెనకాల తగిలింది. అది ఇసుక కాబట్టి సరిపోయింది అని మేనేజరుగారు అన్నారు.

"నెలాఖరులోగా కారణం తేలాలి. తేలకపోతే ఆర్డరు పోతుంది," అని, "పొడి సంగతి ఏమైంది మేడమ్?" అని వదిన వైపు తిరిగారు.

వదిన కాసేపు టేబుల్ మీద చేతులు చూసుకుంది. "తప్పు నాదే సార్. పొడి డబ్బా మూత తెరిచి ఉంచేశాను. రెండు మూడు సార్లు. తేమ పట్టుంటుంది."

మేనేజరుగారు వెంటనే కోప్పడలేదు. అలసిపోయిన మనిషిలా కళ్ళు నులుముకున్నారు. ఇలా అయితే ప్రింటింగ్ పనిని బయటివాళ్ళకు ఇచ్చేయాల్సి వస్తుంది, మీకు వేరే ఏమీ చూపించలేను అన్నారు. వదిన తల ఊపింది.

నేను నోరు తెరిచాను. తెరిచి, మంచినీళ్ళు తాగాను.

మార్చి 19, మంగళవారం

వదిన మూత తెరిచి ఉంచదు.

ఇంట్లో ఉప్పు డబ్బా మూత కూడా రెండుసార్లు తిప్పి, బోర్లించి చూస్తుంది. అన్నయ్య మందుసీసా మూత వదులుగా పెట్టాడని ఒక పూటంతా మాట్లాడలేదు. బయటికి వెళ్ళేటప్పుడు తాళం వేసి, నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి తాళం లాగి చూస్తుంది. అలాంటి మనిషి పొడి డబ్బా మూత తెరిచి ఉంచిందట.

కంగారులో అలా అనేసి ఉంటుంది. ఒక్కోసారి మనం చేయని తప్పు కూడా చేశామేమో అనిపిస్తుంది. నాకూ అనిపిస్తుంది.

మార్చి 20, బుధవారం

పని. ఇల్లు. ఉక్క.

మార్చి 21, గురువారం

మళ్ళీ కడ్డీలు తీసుకెళ్ళాను. ఈసారి కావాలనే స్నానం తప్పించాను. బాబాయి చూడకుండా నేనే ఓవెన్‌లో పెట్టుకున్నాను, దొంగతనం చేస్తున్నట్టు. అన్నీ నాలుగు వందలు దాటాయి.

అయినా ఒక చిక్కుంది. లేజరు అచ్చు వేసినప్పుడు లోపల బిగువు ఉండిపోతుంది. అచ్చు బ్రాకెట్ తన అడుగు పళ్ళేనికి అతుక్కునే నా దగ్గరికి వస్తుంది. ఫర్నేసులో కాచకుండా ఆ పళ్ళెం నుంచి కోస్తే వస్తువు వంకర తిరుగుతుంది. ఒక బ్రాకెట్‌ను కోయించి చూశాను, నిజంగానే అరటితొక్కలా వంగింది. చూశావా, ఫర్నేసు ఉండాల్సిందే అనుకున్నాను. ఎంత సంతోషం వేసిందంటే, వెంటనే సిగ్గేసింది.

వంకర అంబులెన్సు బ్రాకెట్ చేతిలో పట్టుకుని సంతోషపడ్డాను నేను.

మార్చి 22, శుక్రవారం

కళ్ళద్దాలాయన నిన్నటి కాగితాలు ఇవ్వడానికి వచ్చాడు. నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్ళీ నిలబడ్డాడు. కడుపులో మాట ఆగనప్పుడు ఆయన ఇలాగే చేస్తాడు.

"నేనెవరికీ చెప్పను మేడమ్, మీకు తెలుసు కదా. మీరు ఇంట్లోవాళ్ళు కాబట్టి చెప్తున్నా. మీ వదినగారు కూడా ఇలాగే అన్నారు."

"ఎలాగ?"

"రాయొద్దని. ఆవిడ ఫిబ్రవరిలోనే ఇలాంటి కడ్డీలు తెచ్చారు. పొడి ఆరబెట్టే ఓవెన్‌లో పెట్టారట. మీ ఫర్నేసు ముఖం చూడనివి. అవీ ఇంతే, నాలుగొందల పైన. వంకర కూడా పోలేదు. అచ్చు వేసేటప్పుడే అడుగు పళ్ళాన్ని బాగా వేడిగా ఉంచారట. దాంతో బలం ఒక పిసరు తగ్గింది గానీ, బ్రాకెట్ సూదిలాగా నిటారుగా ఉంది. అద్భుతం మేడమ్ అన్నాను. ఆవిడ కాగితం లాక్కుని, మీ కాళ్ళు పట్టుకుంటాను, ఎక్కడా రాయకండి అన్నారు. ఎందుకో మరి."

ఆయన వెళ్ళాక కాగితాలు సొరుగులో పెట్టి తాళం వేశాను.

మొదట కోపం వచ్చింది. అంతా తేల్చేసుకుని, పైకి అమాయకంగా కూర్చుని, నా ఫర్నేసు పరువు ఎప్పుడు తీయాలా అని చూస్తోందనుకున్నాను. అలా అనుకోవడం సుఖంగా ఉంది. కానీ మూత సంగతి అడ్డం వచ్చింది. పరువు తీయాలనుకున్న మనిషి తన మెడకు తాను ఉరి బిగించుకోదు కదా. నా ఉద్యోగం పోకూడదని తన ఉద్యోగం వదులుకుంటోంది. ఇంతకన్నా వేరే అర్థం వెతికాను. దొరకలేదు.

సాయంత్రం స్కూటర్ మీద నా భుజం మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. చెప్పులు ఇంకా కరుస్తూనే ఉన్నాయట.

మార్చి 23, శనివారం

రాయాలని లేదు.

మార్చి 24, ఆదివారం

అన్నయ్య అడిగాడు, "మీ ఇద్దరికీ ఏమైనా గొడవా? ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటే నాకు చెవులు గింగుర్లెత్తుతున్నాయి" అని. వదిన, "మీరే కదా ఫ్యాక్టరీ మాట ఎత్తొద్దన్నారు. మాకు వేరే మాటలు రావు," అంది. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను, ఆ తర్వాత పైకి వచ్చి పడుకున్నాను.

వదిన ఉద్యోగం పోయినా అన్నయ్య జీతం ఉంది. ఈ లెక్క నేను వేశాను. ఇది రాయకూడదనుకున్నాను గానీ, వేసిన మాట నిజం. బహుశా ఆవిడా ఇదే లెక్క వేసుకుని ఉంటుంది. ఒకే లెక్క. కానీ ఆవిడ వేసుకుంటే ఒకలాగా, నేను వేస్తే ఇంకోలాగా ఉంది.

పోనీ ఇద్దరం ఊరుకుంటే? బయటి ప్రింటింగ్ వాళ్ళు బ్రాకెట్లు పంపుతారు. నేను వాటిని కాచి, వాటి బలం తీసేసి, సంతకం పెట్టి పంపుతాను. ఒకరోజు స్ట్రెచర్ మీద ఇసుక ఉండదు.

మార్చి 25, సోమవారం

చెప్పేశాను.

మేనేజరుగారు కాగితం సిద్ధం చేసే తెచ్చారు. నిర్లక్ష్యం వల్ల పొడికి తేమ పట్టిందని ఒప్పుకుంటున్నట్టు. వదిన ముందు పెట్టారు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, చదవకుండానే పెన్ను తీసింది.

"సార్, తప్పు పొడిది కాదు. ఫర్నేసుది," అన్నాను.

ఆ కాగితాన్ని నా వైపు లాక్కున్నాను.

"మీ ఫర్నేసేనా మేడమ్?"

"నాదే సార్."

వదిన చటుక్కున తల తిప్పింది. "మేడమ్ గారూ, తొందరెందుకు, మీరు ఇంకోసారి పరీక్ష చేసి చూస్తే బావుంటుందేమో," అంది. ఆ "మేడమ్ గారూ"లో నోర్మూసుకోమని ఎంత బతిమాలుడు ఉందో గదిలో నా ఒక్కదానికే తెలిసింది.

"చేశాను మేడమ్. రెండుసార్లు చేశాను," అన్నాను.

తెగిన కడ్డీలు టేబుల్ మీద పెట్టాను. ఏవి స్నానం చేసినవో, ఏవి చేయనివో చూపించాను. డ్రాయింగ్ కింద మూలన ఉన్న వాక్యం చూపించాను. వంకర రాకుండా ఏం చేయాలో ప్రింటింగ్ మేడమ్ ఫిబ్రవరిలోనే కనిపెట్టారని చెప్పాను. వదిన నేల వైపు చూస్తూ కూర్చుంది. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

మేనేజరుగారు రెండు కడ్డీలనూ చెరో చేతిలో పట్టుకుని, "అయితే ఫర్నేసు ఎంత వేడి మీద పెట్టాలంటారు?" అన్నారు. ఆయనకింకా అర్థం కాలేదు. ఆయన తప్పు కాదు. వేడి సెక్షన్ మనిషి వచ్చి అసలు కాచొద్దని చెబుతుందని ఎవరనుకుంటారు?

"పెట్టక్కర్లేదు సార్. ఆపేయాలి. అచ్చు నుంచి రాగానే, పళ్ళెం మీద ఉండగానే, చిన్న ఓవెన్ చాలు. నూట అరవై డిగ్రీలు."

"మరి మీ సెక్షన్?"

"ఇక ఉండదు సార్," అన్నాను.

మార్చి 26, మంగళవారం

బాబాయికి నేనే చెప్పాలనుకున్నాను. నేను చెప్పేలోగా ఎవరికీ చెప్పనాయన చెప్పేశాడు.

బాబాయి తొట్టి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. కూర్చోమని, నేనూ పక్కన కూర్చున్నాను. నన్ను ప్యాకింగ్‌కి పంపుతారటమ్మా అన్నాడు. అవునన్నాను. అక్కడ చల్లగా ఉంటుందట అన్నాడు. అవునన్నాను.

"ఆ రోజు ఆ ట్రే మరిచిపోకుండా ఉండాల్సిందమ్మా నేను," అన్నాడు.

లేదు బాబాయ్, నీ వల్ల మనుషులు బతుకుతారు అని చెప్పాలి. నిజం కూడా అదే. ఆయన మోకాలి మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

మార్చి 28, గురువారం

వదిన నాతో మాట్లాడటం లేదు. స్కూటర్ వద్దని బస్సులో వెళుతోంది.

అలసటగా ఉంది. పని తగ్గింది, అలసట పెరిగింది.

మార్చి 30, శనివారం

కొత్త పద్ధతిలో మొదటి విడత వచ్చింది. నలభై బ్రాకెట్లు. బొబ్బ లేదు, వంకర లేదు. మేనేజరుగారు నన్ను పిలిచి, తనిఖీలో చేరతారా అన్నారు. అంటే ప్రింటింగ్ సెక్షన్‌లో ఒక టేబుల్. అంటే వదిన కింద. ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచించడానికి ఏముంది? పొమ్మనలేదు, అదే పదివేలు.

పెద్ద ఫర్నేసు మెయిన్ స్విచ్ బాబాయే దించాడు. నేను పక్కన ఉన్నాను.

మార్చి 31, ఆదివారం

అన్నయ్య వీధిలో బస్సు కడుగుతున్నాడు. వదిన డాబా మీద తడి దుప్పట్లు ఆరేస్తోంది. నేను వెళ్ళి ఒక దుప్పటి రెండో కొస పట్టుకున్నాను. వద్దనలేదు. ఇద్దరం చెరో పక్క మెలిపెట్టి పిండాం.

"నీకెవరు చెప్పమన్నారు?" అంది ఉన్నట్టుండి. "నాకు మొగుడున్నాడు, జీతం వస్తుంది. పని లేకపోతే ఇంట్లో కూర్చుంటాను. నీకేముంది? అన్నీ ఆలోచించే కదా నేను ఆ పని చేసింది. నువ్వేమో సంగతి తెలియగానే పరిగెత్తుకొచ్చి పెద్ద త్యాగమూర్తిలా..."

ఆవిడ అలా అనుకుంటోందని నాకు అప్పుడే తెలిసింది. తెలియగానే చెప్పానని. నేను ఊరుకుంటే అలాగే అనుకుంటూ ఉండిపోతుంది, జీవితాంతం నన్ను తిడుతూ మురిసిపోతుంది. ఊరుకోవడం నాకు బాగా అలవాటు కూడా.

"తెలియగానే కాదు వదినా," అన్నాను. "ట్రే తప్పిపోయిన వారంలోనే నాకు తెలుసు. మీటింగ్‌లో నువ్వు మూత సంగతి చెప్పినప్పుడు కూడా తెలుసు. తెలిసే మంచినీళ్ళు తాగుతూ కూర్చున్నాను."

దుప్పటిని ఒక్క విదిలింపు విదిలించింది. నీళ్ళు నా మొహాన పడ్డాయి.

"తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"నీకు తెలుసని తెలుసు. కళ్ళద్దాలాయన చెప్పాడు. ఆ మూత మీటింగ్ అయిన సాయంత్రమే చెప్పాడు. నువ్వే నోరు విప్పి ఒప్పుకుంటావా, లేక ఆ త్యాగం కూడా నెత్తిన పెట్టుకుని ఊరేగుతావా అని ఇప్పుడు కావాలనే అన్నాను."

డాబా మీద ఎండ చురుక్కుమంటోంది.

"మరి కోపం రాలేదా నీకు?"

"రాకేం! ఆ మర్నాటి నుంచీ నీ టీలో చక్కెర మానేశాను. రెండు పూటలా. కప్పు నీ చేతికిచ్చి ఎదురుగా నిలబడి మొహం చూసేదాన్ని. ఏంటి వదినా, టీలో చక్కెర లేదు అని ఒక్క మాట అంటే చాలు, కడుపులో ఉన్నదంతా కడిగేద్దామని కాచుక్కూర్చున్నాను. నువ్వేమో చుక్క మిగల్చకుండా తాగేసి, కప్పు తొలిచి బోర్లించి పోయేదానివి."

నాకు గుర్తులేదు. అన్ని కప్పుల్లో ఒక్కటి కూడా గుర్తులేదు. ఆవిడ ఎదురుగా నిలబడిందట, అది కూడా నేను చూడలేదు. ఏడుపు వచ్చింది, వస్తుంటే ఆపుకోలేదు. ఆవిడ ఓదార్చలేదు. దుప్పటి కొస పట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఇంకా కాచుకునే ఉందని నాకు అప్పటికి అర్థమైంది.

"నా టీలో చక్కెర ఎందుకు లేదు వదినా?" అని అడిగాను.

అప్పుడు మొదలుపెట్టింది. నేను గోడ గడియారాన్ని చూస్తూ పొడి మీద తప్పు తోసిన దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఒక్కటీ వదల్లేదు. కింద అన్నయ్య నీళ్ళు కట్టేసి, తల పైకెత్తి, ఏమీ అనకుండా మళ్ళీ నీళ్ళు విప్పాడు. ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయను. అన్నీ నిజాలే. చేతిలో దుప్పటి ఆరిపోయేదాకా అక్కడే నిలబడి విన్నాను.